మోటారు బండిలోని సీసపు పెట్టె



మోటారు బండిలో బ్యాటరీ యనునది యెట్లు చెడునో, చెడుచున్న సంగతిని మనము ముందుగా నెట్లు కనిపెట్టవలెనో, దాని పుట్టుపూర్వోత్తరములతో గూడ నేటి ప్రసంగములో మనవి చేయదలచితిని. ఇది మెకానిక్కులు చెప్పవలసిన మాట కదా, చరిత్ర చదువుకొన్న నీకేల యని మీరడుగవచ్చును. నేను దీనిని మొదట పుస్తకములలో నేర్వలేదు. ఒక రాత్రి చీకటిలో నేర్చితిని. కనుక ఆ రాత్రితోనే మొదలుపెట్టెదను.

మాది నందిగామకు పది మైళ్ల దూరమున మునేటి యొడ్డుననున్న చిన్న పల్లె. అది 1994 వ సంవత్సరము జనవరి నెల. చలి బలముగా నుండెను. రాత్రి రెండు గంటల వేళ పొరుగింటివారు మా తలుపు తట్టిరి. కానుపునకు పుట్టింటికి వచ్చిన వారి యమ్మాయికి నొప్పులు ప్రారంభమైనవి. మంత్రసాని చూచి, బిడ్డ అడ్డము తిరిగినట్లున్నది, ఆలసింపక నందిగామ ఆసుపత్రికి తీసికొనిపొండని చెప్పినదట. ఊరిలో కారు నాదొక్కటే, పాత అంబాసిడరు. ఆ పిల్లను వెనుక సీటులో పరుండబెట్టి తాళము త్రిప్పితిని. బండి ఒకసారి మూలిగెను. రెండవసారి టక్కుమనెను. మూడవసారి ఆ శబ్దము కూడ లేదు.

పదునైదు దినములుగా ఆ బండి నాతో చెప్పుచునే యున్నది. తెల్లవారి బండి తీయునప్పుడు ఇంజను తిరుగుట మందగించెను. స్టార్టరు వేయగానే ముందు దీపములు ఎఱ్ఱబారుచుండెను. హారను గొంతు బొంగురుపోయెను. చలికాలము గదా, చమురు గట్టిపడినది కాబోలునని సరిపెట్టుకొంటిని.

మా వీధి చివర ఎనుబదేండ్లు నిండిన డ్రైవరొకడుండెను. పడుచుతనమున బెజవాడ నుండి జగ్గయ్యపేటకు బస్సు నడిపినవాడు. అలికిడికి మేల్కొని దుప్పటి కప్పుకొని వచ్చెను. నేను మరల తాళము త్రిప్పబోగా చేయి పట్టుకొని, "ఇక త్రిప్పకు బాబూ, మిగిలిన కాస్తయు తగులబెట్టుచున్నావు. హ్యాండిలున్నదా?" అని యడిగెను. డిక్కీలో తుప్పుపట్టిన వంకర యినుపకడ్డీ యున్నది. దానినెన్నడు నేను ముట్టలేదు. దీపములన్నియు ఆర్పించి, ఆ కడ్డీని బండి ముందరి రంధ్రములో దూర్చుచు, "స్టార్టరు తిరుగుటకు ఏనుగు బలము కావలెను, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టుటకు చీమ బలము చాలును. ఆ చీమ యింకను బ్రతికియున్నది" అనెను. బొటనవ్రేలిని కడ్డీ చుట్టు త్రిప్పక తక్కిన వ్రేళ్ల వైపుననే యుంచవలెను. క్రిందినుండి పైకి లాగవలెనేగాని పైనుండి క్రిందికి త్రోయరాదు. ఇంజను ఎదురు తన్నినచో మణికట్టు విరుగును. ఇవి ఆ క్షణమున నాకతడు చెప్పిన జాగ్రత్తలు. నాల్గవ లాగునకు బండి మేల్కొనెను. దారిలో దీపములు తప్ప వేరేదియు వేయవద్దనియు, ఎచ్చటను ఇంజను ఆపవద్దనియు చెప్పి పంపెను.

తల్లియు బిడ్డయు దక్కిరి. కాని మరి యొక యరగంట గడచియున్న ఇద్దరిలో నొకరిని గూర్చి తాను మాట యియ్యజాలకపోయెడిదానినని డాక్టరమ్మగారు నాతో ననిరి. ఆ యరగంటను నా యశ్రద్ధ యించుమించు తినివేసినది.

మరునాడు ఆ వృద్ధుడు మా యింటికి వచ్చి బ్యాటరీ మూతలు విప్పించి చాలసేపు చెప్పెను. అతడు చెప్పినదానికిని, తరువాత నేను గ్రంథములలో చదివినదానికిని ఎచ్చటను విరోధము కనబడలేదు. రెంటిని కలిపి మనవి చేయుచున్నాను.

ఈ పెట్టె మోటారు బండి కొరకు పుట్టినది కాదు. బండి కంటె వయసున పెద్దది. 1800 లో ఇటలీ దేశస్థుడైన వోల్టా తుత్తునాగపు బిళ్లలను వేరొక లోహపు బిళ్లలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ ఉప్పునీట తడిపిన గుడ్డ నుంచి విద్యుత్ప్రవాహమును తీసెను. అది మన టార్చిలైటు బ్యాటరీవంటిది, అయిపోయినచో అయిపోయినట్లే. 1859 లో గాస్టన్ ప్లాంటే యను ఫ్రెంచివాడు రెండు సీసపు రేకులను తగులకుండ చుట్టగా చుట్టి, నీరు కలిపిన గంధకామ్లములో ముంచి, దానిలోనికి విద్యుత్తును పంపి చూచెను. పంపినది చాలవరకు నిలిచియుండి, కోరినప్పుడు తిరిగివచ్చెను. తోడిన బావిలో మరల నీరూరినట్లు, వాడిన పెట్టెను మరల నింపుకొనవచ్చునని లోకమునకు తెలిసినది అప్పుడే. అయితే ప్లాంటే రేకులను పదునుపెట్టుటకు నెలల తరబడి నింపుచు, వట్టిచేయుచు నుండవలసి వచ్చెడిది. 1881 లో కామీ ఫోర్ అను నింకొక ఫ్రెంచివాడు సీసభస్మమును ముద్దచేసి రేకులకు పూసి ఆ శ్రమను తప్పించెను. నేటికిని మన కార్ల లోపల నున్నది ఆ పూతరేకులే.

లోపల జరుగునదేమో ఇంగ్లండులో గ్లాడ్‌స్టన్, ట్రైబు అను రసాయనజ్ఞులు 1882 నాటికి వివరించిరి. బ్యాటరీ శక్తినిచ్చునప్పుడు ఆమ్లములోని గంధకాంశము రెండు జాతుల రేకులకును తెల్లని పదార్థముగా పట్టుకొనును. ద్రవములో ఆమ్లము తగ్గి నీరు హెచ్చును. నింపునప్పుడు ఆ తెలుపు కరగి ఆమ్లము తిరిగి చిక్కబడును. ఈ యొక్క సంగతి జ్ఞాపకముంచుకొన్నచో తక్కినదంతయు సులభము. వట్టిపోయిన పెట్టెను వారములకొలది అట్లే వదలితిమా, ఆ తెలుపు గట్టి పలుకులై రేకులను కప్పివేయును. తరువాత ఎంత నింపినను పూర్తిగా కరగదు. ఇండ్ల ముందు నెలలకొలది కదలక నిలిచియుండు కార్లును, వ్యవసాయపు పనులు లేనప్పుడు చెట్టు క్రింద నుంచబడు ట్రాక్టర్లును బ్యాటరీలను పోగొట్టుకొనుట ఈ కారణము చేతనే.

మొదటి మోటారు బండ్లలో పెక్కింటికి ఈ పెట్టెతో పని లేదు. 1908 లో వచ్చిన ఫోర్డు మాడలు టీ బండిలో ఇంజను తిరుగుటచేతనే నిప్పురవ్వ పుట్టించు అయస్కాంత యంత్రముండెను. ముందు దీపములు కార్బైడు వాయువుతో వెలిగెడివి. హారను రబ్బరు తిత్తి. ఇక ఇంజనును మేల్కొల్పుటకు చేతికడ్డీయే గతి. అది ఎందరి చేతులనో విరిచినది. అమెరికాలో చార్లెస్ కెటరింగు విద్యుత్తుతో తిరుగు స్టార్టరును సిద్ధము చేయగా 1912 నాటి కాడిలాక్ బండ్లలో దానిని అమర్చిరి. నాటినుండి కండబలము లేనివారును, స్త్రీలును, వృద్ధులును ఒక మీట నొక్కి బండి తీయగలిగిరి. నాటినుండియే బండి ప్రాణము ఈ పెట్టెలో చిక్కుకొన్నది.

ఇక మన సీమకు వత్తము. బెజవాడ నుండి హైదరాబాదు పోవు రాచబాట ఇబ్రహీంపట్నము, కంచికచర్ల దాటి, కీసర యొద్ద మునేటిని దాటి నందిగామ చేరి, చిల్లకల్లు మీదుగా గరికపాడు వఱకు పోవును. 1948 వఱకు ఆ యావల నైజాము రాజ్యము. కృష్ణాజిల్లా మెట్టప్రాంతముగా మనమెరిగిన ఈ భూమి 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. రెండు మహాయుద్ధముల నడుమ ఈ వైపున బస్సులను నడిపినవారు ప్రైవేటు యజమానులు. ఆ వైపున 1932 జూను నుండి నైజాము రైల్వేవారు 27 బస్సులతో సర్కారు సర్వీసు ప్రారంభించిరి. 1958 జనవరి 11 వ తేదీన ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు మూలము అదియే.

మా వృద్ధుడు బస్సెక్కినది ఆ కాలమున. బస్సు రాత్రి నిలిచిన చోటనే డ్రైవరు పండుకొనెడివాడట. నిద్రించుటకు ముందు మూడు పనులు: టైర్లను కఱ్ఱతో కొట్టి వినుట, రేడియేటరు చూచుట, బ్యాటరీ మూతలు విప్పి నీరు చూచుట. యుద్ధకాలమున పెట్రోలు కరవైనప్పుడు బస్సుల వెనుక బొగ్గుకుంపట్లు కట్టి ఆ వాయువుతో నడిపిన సంగతి మీలో వయోవృద్ధులు విన్నదే. ఆ వాయువునకు బలము తక్కువ. ఇంజను త్వరగా అందుకొనదు. స్టార్టరును మాటిమాటికి వాడినచో బ్యాటరీ మధ్యాహ్నమునకే చచ్చెడిదట. అందుచేత యజమాను లందఱు చేతికడ్డీయే వాడవలెనని కట్టడి చేసిరని అతడు చెప్పెను. అది విని నేను నవ్వగా, "నవ్వకు, ఆ కట్టడి వలననే మొన్నటి రాత్రి నీ బండి కదలినది" అనెను.

బ్యాటరీ మన పల్లెలకు మరియొక త్రోవను గూడ వచ్చినది. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1 వ తేదీన ప్రారంభమైనది. అప్పటికి అనేక గ్రామములలో విద్యుద్దీపము లేదు. పంచాయతీ రేడియో బ్యాటరీతో పలికెడిది. దానిని పట్నమునకు పంపి నింపించి తెచ్చుకొనవలెను. రేడియో గొంతు సన్నగిల్లి పాట గురగురలాడగానే అరుగుమీది పెద్దలు, "పెట్టెను చార్జింగుకు పంపుడు" అనెడివారు. వారిలో నెవ్వరును విద్యుచ్ఛాస్త్రము చదివినవారు కారు. శబ్దమునుబట్టి నీరసమును కనిపెట్టుట మనకు తెలియని విద్య కాదని చెప్పుటకే దీనిని ప్రస్తావించితిని.

నాటి బ్యాటరీ నల్లని గట్టిరబ్బరు పెట్టె. ఆరు వోల్టుల దానిలో మూడు గదులు, పండ్రెండు వోల్టుల దానిలో ఆరు. ఒక్కొక్క గది ఇంచుమించు రెండు వోల్టులిచ్చును. రేకుల నడుమ పలుచని దేవదారు చెక్కలు. పైన కీలు కరగించి పోసిన మూత. చార్జింగు దుకాణమువాడు ఆ కీలును వేడిచేసి తీసి, చెడిన గదిలోని రేకులను మాత్రము మార్చి, మరల పోసి యిచ్చెడివాడు. పెట్టె మొత్తమును పారవేయుట అరుదు.

అతని చేతిలోని ముఖ్యసాధనము హైడ్రోమీటరు. పాలలో నీరు కలిసినదో లేదో చూచు లాక్టోమీటరు మీకందఱకు తెలిసినదే. ఇది దాని చెల్లెలు. రబ్బరు బుడగతో కూడిన గాజు గొట్టములోనికి ఒక్కొక్క గదినుండి ద్రవమును పీల్చి, లోపల తేలు గాజుకడ్డీపై గుర్తును చదువవలెను. నీటికి 1000 అనుకొన్నచో, నిండిన బ్యాటరీ ద్రవము 1280 దాపున నుండును. వట్టిపోయినది 1120 దాపునకు దిగును. మెకానిక్కులు "పన్నెండువందల యెనుబది" అని నోటితో పలుకునది ఈ లెక్కనే.

ఇచ్చట మీరు గమనింపవలసిన సూక్ష్మమొకటి యున్నది. ఆకలిగొన్న బ్యాటరీ వేరు, జబ్బుపడిన బ్యాటరీ వేరు. ఆరు గదులును సమానముగా 1150 చూపినచో అది ఆకలి, నింపినచో లేచును. ఐదు గదులు 1250 చూపుచు ఆరవది మాత్రము 1150 వద్ద నిలిచెనా, ఆ గది రేకులు రాలి అడుగున కలసికొన్నవి, లేదా విరిగినవి. గొలుసులో నొక కడియము తెగినట్లే. ఎంత నింపినను అట్టి పెట్టెను నమ్మరాదు. నా అంబాసిడరు పెట్టెలో అట్లు పోయినది చివరనుండి రెండవ గది.

1947 లో కలకత్తాలో ఎక్సైడు బ్యాటరీల కంపెనీ ఏర్పడినది. తెలుగునాట 1985 లో గల్లా రామచంద్రనాయుడుగారు తిరుపతి సమీపమున కరకంబాడిలో అమరరాజా సంస్థను స్థాపించిరి. మొదట పరిశ్రమలకు వలయు పెద్ద బ్యాటరీలు చేసి, 2000 లో అమరాన్ పేరుతో కార్ల బ్యాటరీలను బజారునకు తెచ్చిరి. ఈ కాలములో పెట్టె స్వరూపమే మారిపోయెను. రబ్బరు పోయి ప్లాస్టిక్కు వచ్చెను. చెక్కలు పోయెను. సీసములో కాల్షియము కలుపుటచేత నీరు తరుగుట మిక్కిలి తగ్గెను. చాలవాటికి మూతలే లేవు. ఇది గొప్ప సౌకర్యము, కాదనను. అయితే మూత పోవుటతో లోపలి సంగతి మన కంటికి కనబడకుండ పోయెను. కొన్నిటిపై చిన్న గాజుకన్ను పెట్టినారు: పచ్చగా నున్నచో బాగు, నల్లగా నున్నచో నింపవలెను, తెల్లబారినచో నీరు తగ్గినది, మార్చవలెను. ఆ కన్ను చూచునది ఆరు గదులలో నొక గదిని మాత్రమే. అది పచ్చగా నుండగా ప్రక్క గది చచ్చియుండవచ్చును. కనుక ఆ పచ్చదనమును చూచి మోసపోకుడు.

మూత లేని పెట్టెను మనమెట్లు పరీక్షించవలెను? మొదటి పరికరము చెవి. తెల్లవారి మొదటిసారి బండి తీయునప్పటి శబ్దమును ప్రతిదినము వినుడు. ఇంజను చురుకుగా తిరిగి అందుకొనుట ఆరోగ్యము. ఏతము లాగినట్లు నెమ్మదిగా, ఆగియాగి తిరుగుట నీరసము. వట్టి టకటక శబ్దము మాత్రమే వచ్చుట అంత్యావస్థ. రెండవది కన్ను: దీపములు వేసియుంచి స్టార్టరు త్రిప్పినచో కొంచెము మసకబారుట సహజము, పూర్తిగా కునుకుట కీడు. పెట్టె ప్రక్కలు ఉబ్బినను, మురిగిన గ్రుడ్ల వాసన వచ్చినను దానిని నింపుటకు గూడ ప్రయత్నింపక మార్చివేయవలెను.

కొలదిపాటి వెలకు దొరకు వోల్టుమీటరు ఒకటి యింట నుండుట మంచిది. బండి కొన్ని గంటలు నిలిచిన తరువాత 12.6 చూపినచో పెట్టె నిండుగా నున్నట్లు, 12.2 అయిన సగము. 12 కు దిగినచో దాదాపు వట్టిది. స్టార్టరు తిరుగుచుండగా 9.6 కంటె క్రిందికి పడరాదు. ఇంజను నడుచుచుండగా 13.8 మొదలు 14.5 లోపల నుండవలెను. ఈ చివరి లెక్క ముఖ్యము. అది 13 కంటె తక్కువైనచో దోషము పెట్టెది కాదు, దానిని నింపు ఆల్టర్నేటరుది, లేదా వదులైన బెల్టుది. ఒక దుకాణదారుడు ఈ పరీక్ష చేయకయే నాకొక క్రొత్త బ్యాటరీ నమ్మెను. అదియు వారము దినములలో పడుకొనెను. చూడగా బెల్టు జారుచుండెను. బెల్టు వెల బ్యాటరీ వెలలో ఇరువదవ వంతు.

ఇంకొక సులభమైన మోసము కలదు. పెట్టె మంచిదై, తీగ తగులు చోట తెల్లగనో నీలిపచ్చగనో బూజువంటిది పేరుకొన్నచో బండి చచ్చినట్లే కనబడును. వేడినీటిలో వంటసోడా కలిపి పోసి, తోమి, ఆరనిచ్చి, బిగించి, పైన వ్యాసలీను రాయవలెను. ఆ నీరు లోపలికి పోకుండ చూచుకొనుడు. తీగలు విప్పునప్పుడు మైనసు ముందు. తగిలించునప్పుడు ప్లస్సు ముందు.

మన మెట్టసీమకు సంబంధించిన మాట యొకటి. బ్యాటరీ చలికి చచ్చునని నేను నాటి రాత్రి యనుకొంటిని. అది సగము నిజమే. చంపునది యెండ; చలి చాటింపు వేయునది మాత్రమే. జగ్గయ్యపేట ప్రాంతపు సున్నపురాతి నేల వైశాఖ జ్యేష్ఠములలో ఎట్లు కాగునో మీకు వేరుగ చెప్పవలయునా? ఆ వేడికి ఇంజను వేడి తోడై లోపలి నీరు తరుగును, రేకుల చట్రములు తినబడును. వేడి పది డిగ్రీలు హెచ్చినచో ఆయుర్దాయము ఇంచుమించు సగమగునని నిపుణుల లెక్క. వేసవిలో ఇంజను తేలికగా తిరుగును గనుక ఆ నష్టము మనకు తెలియదు. మార్గశిర పుష్యములలో చమురు చిక్కబడి, రసాయనక్రియ మందగించి, ఎక్కువ బలము కావలసివచ్చునప్పుడు పెట్టె చేతులెత్తివేయును. కనుక మూడేండ్లు దాటిన బ్యాటరీని దీపావళి నాటికే పరీక్ష చేయించుకొనుట మేలు. సాధారణముగ మూడు మొదలు అయిదేండ్లు దాని జీవితము.

మూతలున్న పెట్టె అయినచో, ముఖ్యముగా ట్రాక్టర్లకు, నెలకొకసారి రేకులు మునిగి కొంచెము పైకి వచ్చునట్లు నీరు పోయవలెను. పోయవలసినది డిస్టిల్డు వాటరే. మన బావులనీటిలో సున్నము మెండు. ఇప్పుడు ఊరూర ప్లాంటులలో నమ్ము త్రాగునీరు గూడ పనికిరాదు, దానిలోను లవణములుండును. వెనుకటి డ్రైవర్లు వాననీటిని గాజుసీసాలలో పట్టి దాచుకొనెడివారు. నీరు తగ్గినదని ఆమ్లమును పోయరాదు. ఆవిరియైపోవునది నీరే కాని ఆమ్లము కాదు. ద్రవము ఒంటిపై పడినచో వెంటనే నీటితో కడుగవలెను. కంట పడినచో పావుగంట విడువక కడుగుచుండి, పిమ్మట ఆసుపత్రికి పోవలెను.

చీకటిలో మూత విప్పి కిరసనాయిలు బుడ్డి దగ్గరకు తెచ్చి చూచువారిని నేనెరుగుదును. బీడీ కాల్చుచు చూచువారిని మరియు నెక్కువగా నెరుగుదును. నిండుచున్న బ్యాటరీనుండి జలజనక వాయువు పుట్టును. నిప్పు తగిలినచో పెట్టె ప్రేలి ఆమ్లము ముఖమున చిమ్మును.

అత్యవసరములో చేయదగినవి రెండు. బండిని త్రోయించుట మొదటిది: తాళము వేసి, క్లచ్చి త్రొక్కి, రెండవ గేరులో నుంచి, వేగము వచ్చిన తరువాత క్లచ్చిని వదలవలెను. గేరు తనంత తాను మారు బండ్లను ఇట్లు త్రోయరాదు. బ్యాటరీ పూర్తిగా వట్టిపోయిన క్రొత్త కార్లు త్రోసినను లేవకపోవచ్చును. వాటి నిప్పురవ్వకే కాక లోని కంప్యూటరుకు గూడ విద్యుత్తు కావలెను. రెండవది మరియొక బండి సాయము. ఎఱ్ఱతీగను చచ్చిన బ్యాటరీ ప్లస్సునకు, దాని రెండవ కొనను మంచి బ్యాటరీ ప్లస్సునకు తగిలించవలెను. నల్లతీగను మంచి బ్యాటరీ మైనసునకు, దాని రెండవ కొనను చచ్చిన బండి ఇంజనుపై రంగులేని లోహభాగమునకు, బ్యాటరీకి దూరముగా తగిలించవలెను. చివర పుట్టు నిప్పురవ్వ వాయువునకు దూరమున నుండుటకే ఈ యేర్పాటు. చేతికడ్డీ మాట యిప్పుడు లేదు. నేటి కార్లకు ఆ రంధ్రమే లేదు.

పాత పెట్టెను గూర్చి చెప్పి ముగించెదను. దాని బరువులో అధికభాగము సీసమే. కృష్ణకావలి యొడ్డున పలనాటి సీమలో, అగ్నిగుండాల చెంత ఒకప్పుడు సీసపు ఖనిజమును త్రవ్వి తీసిరి. భూమిలోనుండి అంత ప్రయాసతో తెచ్చిన ఈ లోహమును ఎన్నిసార్లయినను కరగించి క్రొత్త బ్యాటరీలు చేయవచ్చును. అయితే దానిని కరగించుట పెరటిలో చేయదగిన పని కాదు. వలలకు గుండ్లు పోసికొనుటకై పాత పెట్టెలను పగులగొట్టి మూకుళ్లలో కరగించువారిని మునేటి యొడ్డున నేను చూచితిని. ఆ పొగయు ధూళియు పసిపిల్లల మెదడును దెబ్బతీయును. ఇంతవఱకు ప్రమాదము లేదనదగిన మోతాదు సీసమునకు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పాత బ్యాటరీలను అమ్మకందార్లు తిరిగి తీసికొనవలెనని 2001 లో కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. 2022 లో వాటి స్థానమున క్రొత్త నియమములు వచ్చినవి. తిరిగి యిచ్చినచో క్రొత్తదాని వెలలో కొంత తగ్గింతురు.

నా అంబాసిడరులో చచ్చిన ఆ పెట్టెను 1994 లో నేనేమి చేసితినని మీరడిగినచో సిగ్గుతో చెప్పవలసియున్నది. దొడ్డిగోడ ప్రక్కన పడవేసితిని. వానలకు మూతలు ఊడి ద్రవము కారెను. ఆ చోట చాలకాలము గడ్డి మొలవలేదు. మా యావిడ అక్కడ నాటిన బెండమొక్కలు మాడిపోయిన తరువాత, దానిని ఎత్తించి నందిగామలో పాత బ్యాటరీలు కొను దుకాణమున నిచ్చి, ఆ జానెడు నేలలోని మన్ను తీయించి, పిల్లలు ఆడుకొను తావునకు దూరముగా పూడ్పించితిని. తరువాత కొన్న ప్రతి పెట్టెపై కొన్న తేదీని సున్నముతో వ్రాయుచున్నాను. మార్చునాడు పాతదానిని దుకాణములోనే వదలి రశీదు తీసికొనుచున్నాను.